మావయ్య కొండ దిగిన రోజు

ఆ రోజుల్లో ఏ పనినైనా ముందుగా కాగితం మీద సరిగ్గా పెడితే నేల మీద దానంతటదే సరిగ్గా జరుగుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు యంత్రాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో కొత్తగా చేరాను. అక్కడ నాకు నేర్పిన మొదటి విద్య చెక్‌లిస్టు. బెల్టు చూశావా, బోల్టు బిగించావా, గ్రీజు పెట్టావా అని వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోవడం. ఆ విద్య ఎంతగా పట్టుబడిందంటే, ఉల్లిపాయల మార్కెట్టు వెనక అద్దెకున్న గదిలో స్నానానికి వెళ్లేముందు కూడా గోడ మీద కాగితం చూసుకునేవాణ్ణి. (సబ్బు, తువ్వాలు, బకెట్టు, నీళ్లు. నీళ్లు చివరికి ఎందుకు పోయాయని నాతో ఉండే స్నేహితుడు అడిగాడు. ఆ సాయంత్రమే వరుస మార్చాను.) అలాంటివాణ్ణి కాబట్టే మా చిన్న మావయ్య తన బతుకులో నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికకూ ప్లాను వేసే పని నాకు అప్పగించాడు. నేను ఊహించి రాసిన ప్రమాదాల్లో ఒక్కటి కూడా ఆ రోజు మా దారికి రాలేదు. దానికి గర్వపడాలో ఏడవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చిన్న మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. కైకలూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని. పొద్దున్నే సైకిలు హ్యాండిలుకి రెండు పక్కలా శాంపిల్ సీసాల సంచులు తగిలించుకుని గట్ల వెంట బయలుదేరేవాడు. గట్టంటే ఏముంది, ఇటు ఒకరి చెరువు, అటు ఇంకొకరి చెరువు, నడుమ మనిషి నడిచేంత మట్టి. ఆ మట్టి మీద మావయ్య వానాకాలంలో ఒక చేత్తో గొడుగు పట్టుకుని మరీ తొక్కేవాడు. అలాంటి మనిషి ఒక రోజు చెరువులో పడ్డాడు. జారి ఉంటుందిలే అనుకున్నారు. వారం తిరక్కుండా ఇంకో చెరువులో పడ్డాడు. మూడోసారికి ఊరు ఒక నిర్ణయానికి వచ్చేసింది. గట్టు మీద ఉన్నవాళ్లు ముందు ఆయన నోరు వాసన చూసి, ఆ తర్వాత చెయ్యి అందించడం మొదలుపెట్టారు. మావయ్య టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు. పైగా అత్తయ్య చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద. ఒక చెరువు రైతు ఇంటికే వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడట.

"అమ్మా, తమరేం అనుకోవద్దు. మీ ఆయన మంచాయనే. కానీ సరిగ్గా మేత వేసే టైముకి పడుతున్నారండి. రొయ్యలు బెదిరిపోయి మేత ముట్టుకోవట్లేదు."

"ఆయన తాగరండి."

"తాగితే తాగారు, అదేం కాదండి. పడేదేదో మేత అయ్యాక పడమనండి."

ఈ మాట అత్తయ్య చెబుతుంటే మేమందరం నవ్వాం, మావయ్య అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వుల్లోనే మా అమ్మకు అనుమానం వచ్చింది. ఎదురుగా పెట్టిన మంచినీళ్ల గ్లాసు మావయ్య తీసుకుంటున్నాడు, పక్కన పెట్టింది మాత్రం మోచేత్తో పడగొట్టేస్తున్నాడు. నేనూ మావయ్యా ఏలూరు వెళ్లాం. కంటి డాక్టరుగారు చాలాసేపు చూసి, మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. పక్క చూపు పోతోంది, కొన్నాళ్లకు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది, తర్వాత ఆ గొట్టం కూడా మూసుకుంటుంది, మందు లేదు. "వెలుతురు తగ్గినప్పుడు మాత్రం జాగ్రత్తండి. వీళ్లకి అప్పుడు ఏమీ కనపడదు," అన్నారు. మేం తలలూపాం. రాత్రిళ్లు బయట తిరగకూడదన్నమాట అనుకున్నాం. అందులో అర్థం కాకపోవడానికి ఏముంది?

తిరుగు బస్సులో మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. కొల్లేరు మీది రోడ్డు వచ్చాక నా వైపు తిరిగాడు.

"అల్లుడూ," అన్నాడు, "నేను ఊహ తెలిసినప్పట్నుంచీ సైకిలు తొక్కుతూనే ఉన్నాను."

"అవును మావయ్యా."

"తొక్కడం ఆపితే ఆగిపోతుంది."

"అంతే కదండీ. టైరుకీ నేలకీ రాపిడి ఉంటుంది కాబట్టి..."

"రాపిడి సంగతి కాదురా. తొక్కకపోయినా ఆగకుండా పోవడం ఎలా ఉంటుందో నాకు తెలీదు. కొండ మీంచి దిగితే అలా పోతుందటగా. ఈ కళ్లున్నప్పుడే ఒక్కసారి అలా దిగాలనుంది."

కొండ ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. మా వైపు నేల పళ్లెంలా ఉంటుంది. కైకలూరు నుంచి ముదినేపల్లి దాకా బంతి పెడితే ఎటు దొర్లాలో దానికే తెలీదు. మాకు ఎత్తుగా కనిపించే మట్టంతా ఎవరో ఒకరు చెరువు తవ్వి పక్కన పోసిందే. ద్వారకా తిరుమల వైపు గుట్టలున్నాయి గానీ మావయ్యకు అటు పనిపడలేదు. సైకిలు మీద ఆయన దిగిన పెద్ద పల్లం అంటే కాలవ వంతెన వాలు. అది ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోతుంది.

నాకు వెంటనే తట్టిన పరిష్కారం తాడేపల్లిగూడెం రైల్వే ఫ్లైఓవరు. ఖర్చు లేదు, గదికి దగ్గర, రెండు పక్కలా వాలు ఉంది. ఒక ఆదివారం ఆరాధన కాగానే మావయ్యను పాసింజరులో రప్పించాను. సైకిలు నెట్టుకుంటూ పైకి ఎక్కాం. పైన నిలబడి నేను వాలు, గాలి, బ్రేకులు అన్నీ వివరిస్తుండగా కానిస్టేబులు వచ్చాడు.

"ఏవండీ, ఏం చేస్తున్నారిక్కడ?"

"దిగడం ప్రాక్టీసు చేస్తున్నామండి," అన్నాను.

ఆయన మావయ్య వైపు చూశాడు, నా చేతిలో కాగితం వైపు చూశాడు. "ఎక్కినవాళ్లందరూ దిగుతారు గదండీ. దానికి ప్రాక్టీసెందుకు?"

ఆయన అటు వెళ్లగానే మావయ్య బయలుదేరాడు. సగం వాలు కూడా దిగలేదు. పక్కనుంచి ఉల్లిపాయల లారీ హారను కొట్టుకుంటూ వచ్చింది. మావయ్యకు హారను వినపడింది గానీ లారీ కనపడలేదు. ఎటు తప్పుకోవాలో తెలియక సరిగ్గా దాని వైపే తప్పుకున్నాడు. లారీవాడు మంచివాడు కాబట్టి రెయిలింగు గీసుకుంటూ పోయాడు. తిట్టడానికి కూడా ఆగలేదు.

ఆ కబురు అత్తయ్యకు తెలిశాక ఇంట్లో కేకలేమీ లేవు. అత్తయ్య కేకలు వేసే మనిషి కాదు. మావయ్యను పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టి, బండ్లు తిరిగే రోడ్డు మీద ఇక సైకిలు తొక్కనని ప్రార్థనలో మాట ఇప్పించింది. అక్కడితో రోడ్లు అయిపోయాయి. మిగిలింది అడవి. బండ్లు తిరగని దారీ, దిగుడూ రెండూ కలిసి ఉన్న చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే.

అడవి గురించి నాకు ఏమీ తెలియదన్న సంగతి నేను లోపంగా భావించలేదు. తెలియనిదాన్ని తెలుసుకోవడానికే కదా ప్లాను. ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మలు పెట్టుకుని రోజుల తరబడి చూశాను. పైనుంచి అడవి ఎంత తేటగా ఉందో, ఎండ పడి ఆకులు ఎలా మెరుస్తున్నాయో. బుట్టాయగూడెం దాటాక కొండ మీద ఒక గూడెం దొరికింది. అక్కణ్ణుంచి కింద వాగు దాకా సన్నటి గీత. ఆ వైపు పనిచేసే ఫారెస్టు గార్డు ఫోన్‌ నంబరు సంపాదించి మాట్లాడాను. "అది పాత బండ్ల బాటండి. పగలు జనం నడుస్తారు. సాయంత్రం లోపల వాగు దాటేయండి, సరిపోతుంది," అన్నాడు. గూడెం దాకా తారు రోడ్డు ఉంది కాబట్టి ఎక్కడం ఆటో వంతు, దిగడం మా వంతు అని తేల్చాను. (పల్లపు సీమవాళ్లం, కొండ ఎక్కడంలో మాకు ఏ సరదా లేదు.) దిగే దారి చిన్నదే. వర్క్‌షాపు యజమానిగారబ్బాయి దగ్గర, కొన్న మోజు తీరిపోయి పడున్న గేర్ల సైకిళ్లు రెండు అడిగి తెచ్చాను. ప్లాను టైపు చేసి, ప్రింటు తీసి, అత్తయ్య అనుమతి కోసం కైకలూరు వెళ్లాను.

అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ అంతా చదివింది.

"ఎలుగుబంటి వస్తే పరిగెత్తరాదు అని రాశావు. మరి ఏం చెయ్యాలో రాయలేదేం?"

"అది రెండో పేజీలో ఉందండి అత్తయ్యా."

"ఎలుగుబంటి ఎదురుగా ఉంటే పేజీ ఎవరు తిప్పుతారయ్యా?"

మావయ్య తలుపు వారన నిలబడి నవ్వు ఆపుకుంటున్నాడు. అత్తయ్య ఆయన వైపు చూడకుండానే, "మీరు నవ్వకండి. ముందు ఈయన సంగతేంటో చెప్పు. పక్కనున్నవి కనపడవు గదా, చెట్లకి గుద్దుకోరూ?" అంది.

"నేను ముందు వెళ్తానండి. మా వర్క్‌షాపు జాకెట్టు వేసుకుంటాను, నారింజ రంగుది, ఎండలో మెరుస్తుంది. మావయ్యకి ఎదురు చూపు బాగానే ఉంది కదా. నా వీపు చూసుకుంటూ వచ్చేస్తారు."

"చీకటి పడితే?"

"మధ్యాహ్నానికే కిందికి వచ్చేస్తామండి. చీకటి ప్రసక్తే లేదు. మూడో పేజీలో సూర్యాస్తమయం టైము కూడా వేశాను."

అత్తయ్య మూడో పేజీ తీసి సూర్యాస్తమయం చూసింది. అప్పుడు గానీ ముఖం తేరుకోలేదు. "ఆదివారం మాత్రం కుదరదు. శనివారం వెళ్లండి," అంది. మావయ్య ఆ రాత్రి చిన్నపిల్లాడిలా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడట.

శనివారం తెల్లవారుతుండగా చేపల వ్యానులో బయలుదేరాం. జంగారెడ్డిగూడెం మార్కెట్టుకు వెళ్లే వ్యాను అది, డ్రైవరు మావయ్యకు తెలిసినవాడు. సైకిళ్లను ఐసు పెట్టెల మీద కట్టాం. ఈ ఒక్క ఏర్పాటుకూ ఒక ఫలితం ఉంటుందని నాకు తోచలేదు. మార్కెట్టులో దిగి ఆటో మాట్లాడుకుని కొండ మీది గూడెం చేరేసరికి, రెండు సైకిళ్ల నుంచీ కొల్లేరు మొత్తం వాసన వస్తోంది. గూడెం కుక్కలన్నీ గుంపుగా వచ్చి టైర్లు నాకడం మొదలుపెట్టాయి. ఒక ముసలమ్మ గుడిసెలోంచి తొంగిచూసి, "చేపలెట్టా ఇస్తన్నారయ్యా?" అని అడిగింది. చేపలు లేవు, సైకిళ్లు దిగడానికి వచ్చామని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసేసుకుంది.

కింద వాగు దగ్గర ఉండమని ఆటోను పంపేశాం. గూడెం చుట్టూ జీడిమామిడి మొక్కలూ, కోసేసిన జొన్న చేలూ, పైన కావలసినంత ఎండ. మావయ్య హెల్మెట్టు పెట్టుకుని చేల మధ్య ఒక చుట్టు తిరిగొచ్చాడు. గేర్లు మార్చడం చూపిస్తే, "ఈ మీటలన్నీ నీకు. నాకు ఒక్కటి చాలు," అన్నాడు. ఆ ఎండలో నవ్వుతూ కళ్లు చికిలించి ఆయన నా జాకెట్టు వైపు చూసి, "బాగా కనపడుతున్నావురా, కమలాపండులాగ," అన్నాడు. నా ప్లాను మీద నాకున్న నమ్మకానికి అదే ఆఖరి మంచి ఘడియ.

చేలు అయిపోయినచోట బాట కిందికి తిరిగి చెట్లలోకి పోయింది. టేకు, మద్ది, వాటి నడుమ వెదుళ్లు. నేను ముందు వెళ్లి, వాలు మొదలయ్యే చోట ఆగి వెనక్కి తిరిగాను. మావయ్య రెండు కాళ్లూ నేల మీద పెట్టేసి ఉన్నాడు.

"మబ్బేసిందా అల్లుడూ?"

నేను పైకి చూశాను. ఆకుల సందుల్లో ఆకాశం నీలంగా, ఒక్క మరక లేకుండా ఉంది.

"లేదు మావయ్యా. తేటగానే ఉంది."

"మరి నువ్వెక్కడ?"

నేను ఆయనకు నాలుగు బారల దూరంలో ఉన్నాను, నారింజ జాకెట్టు వేసుకుని.

మావయ్య సైకిలు దిగాడు. సైకిలు వెనక్కి నడిపించుకుంటూ ఎండలోకి వెళ్లాడు. మళ్లీ ముందుకు వచ్చాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు. స్విచ్చి పనిచేస్తోందో లేదో చూసే మనిషిలాగ అలా కాసేపు చేశాడు. "ఇక్కడుంది. ఇక్కడ లేదు," అన్నాడు. నీడా ఎండా కలిసే గీత మీద నిలబడి, "ఇక్కడ సగం," అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. ల్యాబులో నీళ్ల రంగు చూసి చెప్పినట్టే చెప్పాడు. నేను మాత్రం బాట మీదే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను, ఇంతమందిలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదా అని. మేం పుట్టి పెరిగింది ఆకాశం కింద. మా గట్ల మీద చెట్టు ఉండదు, ఆకు రాలితే చెరువు పాడవుతుందని ఎవరూ పెంచరు. నీడ అంటే మాకు మేత గోదాం పక్కన వేప చెట్టు, సైకిలు మీద రెండు తొక్కుల్లో దాటిపోయేంత. అడవి పచ్చగా ఉంటుందని విన్నాం, చల్లగా ఉంటుందని విన్నాం. పట్టపగలు చీకటిగా ఉంటుందని మాలో ఎవరికీ తెలీదు. డాక్టరుగారు వెలుతురు తగ్గినప్పుడు అన్నారు. మేం దాన్ని గడియారంలో వెతికాం.

నేను ఊరుకోలేదు. సూర్యుడు నడినెత్తికి వస్తే కిరణాలు నిటారుగా పడి నేల కనపడుతుందని లెక్క చెప్పాను. "సరే చూద్దాం," అన్నాడు మావయ్య. ఎండలో కూర్చుని అత్తయ్య కట్టిచ్చిన పులిహోరా ఊరమిరపకాయలూ తిన్నాం. ఎండ పైకి వచ్చింది. చెట్ల కింద నేల మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పడింది. నాకు ఆశ పుట్టింది. మావయ్య లోపలికి నడిచి కాసేపు నిలబడ్డాడు.

"నేల కనపడట్లేదురా. చుక్కలు కనపడుతున్నాయి. ఎవరో చుక్కలు పెట్టి ముగ్గు కలపడం మర్చిపోయినట్టుంది."

"పోనీ తారు రోడ్డు మీద దిగుదాం మావయ్యా. అటు ఎండ ఉంది. బండ్లు కూడా పెద్దగా లేవు."

"మాటిచ్చాను కదరా."

"అత్తయ్యకి చెప్పొద్దు."

"మీ అత్తయ్యకిస్తే ఏదో చెప్పుకుందును. ప్రార్థనలో ఇచ్చాను. అక్కడ దాచినా తెలిసిపోతుంది." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ దిగుడు వైపు ముఖం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఇంత దూరం వచ్చి, ఎదురుగా ఉన్న కొండను ఆయన చూస్తున్నాడో వింటున్నాడో నాకు తెలియలేదు.

"నువ్వు దిగిరా అల్లుడూ," అన్నాడు. "దిగొచ్చి చెప్పు."

వద్దన్నాను. మళ్లీ అన్నాడు. ఇక తప్పక బయలుదేరాను. నేను జీవితంలో కొండ మీద సైకిలు దిగడం కూడా అదే మొదలని ఇక్కడ చెప్పాలి. ప్లానులో బ్రేకులు ఎలా వాడాలో అరపేజీ రాసినవాణ్ణి, మొదటి మలుపులోనే బ్రేకులున్నాయన్న సంగతి మర్చిపోయాను. పైన మావయ్యకు వినపడాలని అరుస్తూ పోతున్నాను, "రాయి మావయ్యా... వేరు మావయ్యా... మలుపు మావయ్యా, ఎడమకి," అని. బాట ఎడమకే తిరిగింది. నేను తిన్నగా పోయాను. ఒక ముళ్ల పొద నన్ను జాగ్రత్తగా అందుకుంది. వాగు అక్కడికి కూతవేటు. సైకిలును అక్కడే వదిలేసి, చిరిగిన ప్యాంటుతో కుంటుకుంటూ పైకి వచ్చాను.

"ఎలా ఉంది?" అన్నాడు మావయ్య.

"వాలు పదికి ఒకటి చొప్పున ఉంటుందండి. మధ్యలో గులకరాయి, చివర్లో..."

"అది మీ వర్క్‌షాపులో చెప్పుకో. ఎలా ఉంది?"

ఇలాంటి ప్రశ్నకు నా చెక్‌లిస్టులో గడి లేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా వెతుక్కుంటూ చెప్పాను.

"మొదట భయమేసింది మావయ్యా. తర్వాత ఎవరో వీపు మీద చెయ్యేసినట్టుంది. నెట్టడం కాదు. వెళ్లు, వెళ్లు అన్నట్టు. చెవుల్లో గాలి తప్ప ఇంకేం వినపడదు. కాళ్లకి మాత్రం ఏం చెయ్యాలో తోచదు. అలవాటు కొద్దీ తొక్కబోతే పెడలు ఖాళీగా తిరుగుతుంది. దాంతో అవి ఊరుకుంటాయి."

"ఊరికే ఉంటాయా?"

"ఊరికేనండి."

"పాపం, కాళ్లు," అన్నాడు మావయ్య. తన మోకాళ్ల మీద చేతులు వేసుకుని, అవేవో తనవి కాని రెండు జీవాలైనట్టు కాసేపు నిమిరాడు. అప్పుడు ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. నేను అటు చూడలేదు. పక్కనుంచి చూసినా ఆయనకు తెలిసేది కాదు, అయినా చూడలేదు.

కిందికి మాత్రం వెళ్లక తప్పదు, ఆటో కింద ఉంది. రెండో సైకిలు నేను నడిపిస్తుంటే, నా భుజం పట్టుకుని మావయ్య నడుస్తూ దిగాడు. అడుగడుగునా అడుగుతూనే ఉన్నాడు. రాయి ఇదేనా? వేరు ఏది? ఇక్కడ ఎంత జోరుగా ఉన్నావు? గాలి ఎటునుంచి కొట్టింది? ఒక్కోచోట ఆగి పాదంతో వాలు తడిమి, "నేల నిజంగానే కిందికి పోతోందిరా," అన్నాడు. చివరి మలుపులో ముళ్ల పొద దగ్గర ఆగి, "ఇదేనా నిన్ను పట్టుకున్నది?" అని దాన్ని చేత్తో తాకి, గీరుకుని, సంతోషించాడు. కింద ఆటో డ్రైవరు కంగారుగా ఎదురొచ్చాడు. "మనుషుల్లేకుండా సైకిలొకటి పొదలో పడుందండి. ఎలుగ్గొడ్డు గానీ తినేసిందేమో అనుకున్నాను."

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "దిగారా?" అని అడిగింది.

"దిగాం," అన్నాడు మావయ్య.

అత్తయ్య నా చిరిగిన ప్యాంటునూ, చెక్కు చెదరని మావయ్య బట్టలనూ మార్చి మార్చి చూసింది. "వీడు ఇంతలా దోక్కుపోయాడు, మీకేమీ కాలేదే?"

"తొక్కడం వచ్చినవాడు పడడు," అన్నాడు మావయ్య, కాళ్లు కడుక్కోవడానికి గోడ పట్టుకుని పెరట్లోకి వెళుతూ.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. డాక్టరుగారు చెప్పిన గొట్టం మెల్లగా మూసుకుపోయింది. ఇప్పుడు మావయ్యకు ఎండలో కూడా ఏమీ కనపడదు. ల్యాబువాళ్లు మంచివాళ్లు, కూర్చుని ఫోన్లు అందుకునే పని ఇచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొత్తవాళ్లు ఎవరైనా పలకరిస్తే చాలు, కొండ దిగిన కథ మొదలవుతుంది. రాయి, వేరు, చెవుల్లో గాలి, వీపు మీద చెయ్యి, ఊరుకున్న కాళ్లు. అన్నీ నేను చెప్పినవే, కానీ నేను చెప్పినదానికన్నా బాగా చెబుతాడు. మలుపులో ఎడమకు తిరిగే చోట కుర్చీలోనే ఒళ్లు ఎడమకు వంచుతాడు. ముళ్ల పొద ఆ కథలో లేదు. మొదటిసారి విన్నప్పుడు నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ పాటల పుస్తకాలు సర్దుకుంటూ విననట్టే ఉంది. తర్వాత ఇంట్లో నాకు కాఫీ ఇస్తూ, ఎటో చూస్తూ అంది.

"ఆ రోజు రాత్రే చెప్పారయ్యా నాకు. చెట్ల కింద చీకటిగా ఉంటుందని మనకెవరికీ తట్టలేదు చూడు."

అంతకు మించి ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పదికి ఒకటి వాలు అని రొప్పుతూ చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎంత శ్రద్ధ, ఎంత తొందర, ఎంత అమాయకత్వం. వాడి మీద కోపం రాదు. దగ్గరుంటే మోకాలికి మందు రాద్దును.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి కథ సగంలో ఉంది. వింటున్నాయన భీమవరం నుంచి వచ్చిన పెద్దమనిషి. ముగిశాక నా వైపు తిరిగి, "మీరూ ఉన్నారటగా అండీ ఆ రోజు?" అని అడిగాడు. మావయ్య ముఖం కూడా నా వైపు తిరిగింది. కళ్లు నా భుజం పక్కన ఎక్కడో ఉన్నాయి. మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఉన్నానండి, వెనకాల," అన్నాను. "ఎంత ప్రయత్నించినా ఆయన్ని అందుకోలేకపోయాను."